బాలింత వాటా

"ఆ టేకు చేపని కొయ్యకండి! నాకు బతికుండగానే కావాలి!"

టెర్లిన్ చొక్కా తడిసి ముద్దవుతున్నా లెక్కచేయక, నగరేశ్వరరావు తెప్పకు అడ్డంగా నిలబడ్డాడు. విజయనగరం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే అతను, ఈ చేప కోసం మూడేళ్లుగా భోగాపురం ఒడ్డున కాళ్లరిగేలా తిరుగుతున్నాడు. వెలుగు చొరబడని లోతుల్లో, బురద మీద బతికే టేకు అది; చాటలా పలచని ఒళ్లు, రెండు పక్కలా రెక్కలు. కళ్లు చిన్నవి. పొడుగాటి మెత్తని ముక్కుతో చీకట్లో తిండి తడుముకుంటుంది. తోకకు విషపు ముల్లు. అంత అడుగునుంచి జాలరి ఎల్లాజీ గాలానికి ఎలా తగిలిందో గంగమ్మకే తెలియాలి. నగరేశ్వరరావుకు ఆనందంతో కాళ్లు నేలమీద ఆనడం లేదు.

"ఇది గున్నమ్మది బాబూ," అన్నాడు ఎల్లాజీ. "దాని కూతురు బాలింత. బాలింతకని అడిగినాక మరొకలికి ఇస్తే గంగమ్మ ఊరుకోదు."

గున్నమ్మ ఊరి మంత్రసాని. కూతురు కని తొమ్మిది రోజులైంది, పాలు చాలడం లేదు; టేకు కూర తింటే పాలు పడతాయని నమ్మకం. కత్తి పట్టుకునే వచ్చింది.

"ఇద్దరు అడిగితేనో?" అన్నాడు నగరేశ్వరరావు.

"కొత్త బాలింతకే ముందు."

ఇంకా పెళ్లే కాని నగరేశ్వరరావు నోరు జారాడు. "అయితే నాదే! మా ఆవిడ ఇవాళ పొద్దున్నే కన్నది!"

"కోమట్లు, మీరు సేప ముట్టరు కదేటి?" అంది గున్నమ్మ.

"డాక్టరు తినమన్నాడు!"

ఆచారం ఆచారమే. గున్నమ్మ కత్తి దించేసింది. "ఇదీ పాలు పడేదేలే" అంటూ ఎల్లాజీ ఆమె గంపలో పాలసొర వేశాడు. పెద్ద గంగాళం నిండా సముద్రపు నీళ్లు పోయించి, టేకును అందులో పెట్టించి, నగరేశ్వరరావు జట్కా ఎక్కాడు. గంప వెంట వచ్చిన పెద్ద మనవరాలి నెత్తిన పెట్టి ఇంటికి పంపి, గున్నమ్మ కూడా ఎక్కింది.

"నువ్వెక్కడికి?"

"పచ్చి బాలింత ఉన్నాదంటే నాను సూడకుండా ఎలాగ? పద బాబూ, నీ బిడ్డకి నా సేత్తోనే నీళ్లు పోస్తాను."

నగరేశ్వరరావు పైప్రాణాలు పైనే పోయాయి. ఇంట్లో ఉన్నది చేప పేరెత్తితేనే స్నానం చేసే తల్లి ఒక్కతే. నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోగా గంగాళంలో దబదబమని చప్పుడైంది. టేకు ఒక్కసారి గింజుకుంది. చుట్టలా చుట్టుకున్న పిల్ల ఒకటి జారిపడి రెక్కలు విప్పింది. వెనకే ఇంకొకటి!

"చూశావా! గుడ్లు కాదు, పిల్లల్నే కన్నది!" అబద్ధం సంగతే మరిచిపోయి నగరేశ్వరరావు జట్కాలోనే గంతులేశాడు.

గున్నమ్మ గంగాళంలోకి చూసింది. అతని మొహంలోకీ చూసింది.

"ఇద్దరికీ తల్లి పోలికే బాబూ, నీ పోలిక రానేదు. బతికిపోనారు!"