సుద్ద చేతులు

"చెవుల్లోంచి అవి తీసెయ్యమ్మా."

టైలరమ్మకు వినపడలేదు. చెవుల్లో పాట మోగిపోతోంది మరి.

జిమ్ అద్దంలో, వెనక కూర్చున్న ముసలాయన పెదవులు కదలడం చూసి, విసుగ్గా ఒక ఇయర్‌ఫోన్ పీకింది.

"ఏంటండీ?"

"గోడ మీద రాసుంది, చూడు."

రాసే ఉంది. చెవుల్లో ఏమీ పెట్టుకోకూడదట. బరువెత్తే ముందు "చేతులు" అని కేకెయ్యాలట. దగ్గరున్నవాళ్ళు "ఉన్నాయి" అంటూ వచ్చి వెనక నిలబడాలట.

చిన్నపిల్లల ఆటలా ఉందే అనుకుంది టైలరమ్మ.

ఆమెకు ఆటలాడే తీరిక లేదు. సోమవారం ఫైర్ సర్వీసు పరీక్ష. కుర్చీలో కూర్చుని, చేతికొక ఇరవై కిలోల డంబెల్ చొప్పున పట్టుకుని, పదిసార్లు తలపైకి ఎత్తాలి. వచ్చే నెలతో వయసు దాటిపోతుంది. ఇప్పుడు భుజం బెణికిందంటే ఇక జన్మంతా కాజాలు కుట్టుకోవడమే.

అందుకే దుకాణానికి మధ్యాహ్నం తాళం వేసి, భోజనం మానేసి జిమ్‌కి వస్తోంది. ఆ వేళకి హాలు ఖాళీ. ఆమె, వెనకబల్ల మీద ఈ ముసలాయన, అంతే.

అందరూ ఆయన్ని సుద్ద తాత అంటారు. రోజూ వస్తాడు. ఒక్క బరువూ ఎత్తడు. కానీ రాగానే రెండు చేతులకీ శుభ్రంగా సుద్దపొడి రాసుకుని కూర్చుంటాడు.

టైలరమ్మ వంగి, నేల మీది డంబెల్‌ని ఒంటిచేత్తో భుజం మీదికి లాగింది. భుజంలో ఏదో కలుక్కుమంది.

"అయ్యో, అలా కాదమ్మా! ముందు రెండూ తొడల మీద నిలబెట్టుకో. మోకాళ్ళ దగ్గరగా. ఆఁ. ఇప్పుడు ఎడమ మోకాలితో పైకి ఒక్క తన్ను తన్ను."

తన్నింది. డంబెల్ సులువుగా వచ్చి భుజం దగ్గర కూర్చుంది.

"ఇప్పుడు కుడిది. చేత్తో లాగకు. కాలే చూసుకుంటుంది."

అదీ వచ్చింది. ఎనిమిదిసార్లు ఎత్తింది. మంచిమాటే చెప్పాడని తెలుసు. ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు.

దించేటప్పుడు మళ్ళీ మొదలు. "పక్కకి పడెయ్యకు. తొడల మీదికే దించు."

ఆ తర్వాత రోజూ ఇదే వరస. ఆమె బల్ల మీద కూర్చోగానే వెనక నిలబడేవాడు. అడక్కుండానే. అద్దంలో చూస్తే ఆమె మణికట్లకి జానెడు దూరంలో ఆ తెల్లటి చేతులు, తాకకుండా, రెప్ప వెయ్యకుండా చూస్తున్నట్టు ఉండేవి.

బుధవారం ఆమెకి ఒళ్ళు మండింది.

"తాతయ్యా, మీరెప్పుడైనా బరువు ఎత్తారా?"

"లేదమ్మా."

"మరి ఆ సుద్దెందుకు? ముస్తాబా?"

"ఇది ఎత్తడానికి కాదు తల్లీ. పట్టుకోడానికి."

"నన్నెవరూ పట్టుకోనక్కర్లేదు. నా వెనక నిలబడకండి. భయమేస్తోంది మిమ్మల్ని చూస్తే!"

సుద్ద తాత చేతులు దులుపుకోలేదు. అలాగే వెళ్ళిపోయాడు.

గురువారం రాలేదు. శుక్రవారం, శనివారం కూడా. పీడా విరగడైంది అనుకుంది టైలరమ్మ. అనుకున్నందుకు కాస్త సిగ్గూ పడింది.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి సాధన. కోచ్ ముందుగదిలో ఉన్నాడు. హాల్లో ఫ్యాను కూడా తిరగడం లేదు.

తొడల మీద రెండు డంబెల్సూ నిలబెట్టింది. ఎడమ మోకాలు తన్నింది. వచ్చింది. కుడి మోకాలు తన్నింది.

చెమటకి పిడి జారింది. డంబెల్ భుజం దాటి వెనక్కి ఒరిగిపోయింది. చెయ్యి దాంతోపాటే వెనక్కి విరుచుకుపోతోంది. వదిలితే మెడ మీదికి, పట్టుకుంటే భుజం ఊడిపోతుంది.

"చేతులు!"

ఎప్పుడూ పిలవని పిలుపు. తన గొంతేనా అది?

"ఉన్నాయి."

వెనకనుంచి, చెవి పక్కనే.

మణికట్టు కింద రెండు చేతులు. చల్లగా, గట్టిగా. డంబెల్ మెల్లగా ముందుకొచ్చింది.

"తొడ మీదికి దించు తల్లీ. పక్కకి పడెయ్యకు."

దించింది. ఊపిరి పీల్చుకుంది. కళ్ళు చెమర్చాయి.

"తాతయ్యా, మొన్న ఏదో నోరు జారాను..."

తలెత్తి అద్దంలో చూసింది.

అద్దంలో ఆమె ఒక్కతే ఉంది. వెనక ఖాళీబల్ల.

ముందుగదికి పరుగెత్తింది.

"తాతయ్య ఇప్పుడే ఎటు వెళ్ళారు?"

కోచ్ ఆమె ముఖంలోకి చూశాడు. "కూర్చో అక్కా. పరీక్ష అయ్యాక చెబుదామనుకున్నా. ఆయన బుధవారం ఇంటికెళ్ళి పడుకున్నాడు. ఇక లేవలేదు."

టైలరమ్మ జరిగింది చెప్పి కుడిచెయ్యి చాపింది. మణికట్టు చుట్టూ తెల్లగా వేళ్ళ గుర్తులు.

కోచ్ వంగి వాటిని చూశాడు. తుడవమని చెప్పలేదు.

"పన్నెండేళ్ళ కింద నువ్వు కూర్చునే ఆ బల్ల మీదే, ఇలాగే డంబెల్ వెనక్కి ఒరిగి మెడ మీద పడి ఒకబ్బాయి పోయాడక్కా. 'చేతులు, చేతులు' అని అరిచాడట. వీధిలో వాళ్ళకి వినపడింది. లోపలికి పరుగెత్తుకొచ్చేసరికే అయిపోయింది. ఆ తర్వాతే గోడ మీద అది రాయించాం."

"లోపల ఇంకెవరూ లేరా?"

"ఒకాయన ఉన్నాడు. ఆ అబ్బాయి వెనకే. చెవుల్లో పాటలు పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు."

టైలరమ్మ చెయ్యి తన మెడలో వేలాడుతున్న ఇయర్‌ఫోన్ మీదికి వెళ్ళింది.

"అయితే... ఆ పోయిన అబ్బాయి తాతయ్యకి బంధువా?"

"కొడుకు," అన్నాడు కోచ్. "పాటలు వింటూ కూర్చున్నది సుద్ద తాతే."