శత్రుశేషం

"అన్నీ చస్తాయా? ఒక్కటైనా మిగులుతుందా?" గాజులమ్మ అడగడం అది మూడోసారి.

ఆ ప్రయోగశాలలో గాజు సామాను కడిగేది ఆవిడే గనుక అందరూ పెట్టిన పేరది. మైక్రోస్కోపు ముందు కూర్చున్న పరిశోధకురాలు విసుక్కోలేదు. నిరుడు గాజులమ్మ ఒక్కగానొక్క కొడుకు కడుపులో పుట్టి, ఎనిమిది నెలల్లో వాణ్ణి మింగేసిన క్యాన్సర్ కణాలే ఈ గాజు పళ్ళెంలో పెరుగుతున్నాయి. అవి చచ్చే రోజు తన కళ్ళతో చూడాలని ఆవిడ పంతం.

మూడు రోజుల కిందట అందులో పోసింది కణాలను పెంచే పదార్థమని తెలిసి ఆవిడ ఊరుకోలేదు. పాముకు పాలు పోసి చంపుతారా అని నిలదీసింది. చాలా కణాలకు అది ఎదగమని చెప్పే కబురేననీ, కడుపు గోడలోని కొన్నింటికి మాత్రం ఇక చాలించమని చెబుతుందనీ, విన్న కణం తనను తానే ముక్కలు చేసుకుంటుందనీ పరిశోధకురాలు నచ్చజెప్పింది. కొన్ని క్యాన్సర్లు ఆ మాట పెడచెవిన పెడతాయట. ఇవి విన్నాయి.

"వాటి చావు అవే చస్తాయన్నమాట. నా బిడ్డ గుక్కెడు నీళ్ళు దిగక నెల్లాళ్ళు కొట్టుకున్నాడమ్మాయ్. నిదానంగానే చావనీ."

మైక్రోస్కోపుకు కన్ను ఆనించింది. కణాలు ముడుచుకుపోయి, బుడగలు బుడగలుగా ఉబ్బి, తునకలవుతున్నాయి. మీ వంశం నాశనమవ్వ, అని పళ్ళ బిగువున తిట్టింది.

అప్పుడు పరిశోధకురాలు మెల్లగా ఒక సంగతి కదిపింది. ప్రతి రోగి కణాలూ కాసిని చిన్న గొట్టంలో గడ్డకట్టించి దాచడం అక్కడి ఆనవాయితీ. ఇంటివాళ్ళు వద్దంటే మాత్రం దాచరు.

"ఉంచమంటారా పిన్నీ? ఎన్నేళ్ళైనా చెక్కుచెదరవు."

గాజులమ్మ అడ్డంగా తలూపింది. ఆ గొట్టం ఎవరి చేతిలోనో పగిలితే? ఇంకో తల్లి బిడ్డకు అంటుకుంటే? అంటుకోదని ఎంత చెప్పినా చెవికెక్కించుకోలేదు.

"శత్రుశేషం ఉంచకూడదు. అదీ ఇలా తే."

దాచొద్దని రాసిన కాగితం మీద వంకర టింకరగా సంతకం చేసింది. గొట్టాన్నీ పళ్ళేన్నీ సామాను ఉడికించే ఆవిరి యంత్రంలో తనే పెట్టి, తనే మీట నొక్కింది. అది చల్లారేదాకా అక్కడే నిలబడింది. ఏడాదిగా గుండెల మీదున్న బండ దిగినట్టయింది.

"ఇంకెక్కడా ఏమీ లేదుగా?"

"లేదు పిన్నీ," అంది పరిశోధకురాలు తలెత్తకుండానే.

కొడుకు ఒంట్లోది ఆ పూటదాకా ప్రాణంతో ఉన్నది ఆ కణాలొక్కటే.