మేకు లేని అతుకు

"మేకు ఒక్కటి కూడా వద్దప్పా. అంతా అతుకులతోనే నిలబడాల. అదీ, ఆయప్పే చేయాల."

బెంగళూరు పక్కన జిగణిలోని ఆ వడ్రంగి షెడ్డుకు వచ్చిన ముసలాయన మహబూబ్ బాషాను చూపించాడు.

బాషా ఉలిక్కిపడ్డాడు.

పాత ఫ్యాక్టరీలో రంపం మిషను అతని కుడిచేతి వేళ్లు రెండు తెంపేసింది. డాక్టర్లు తిరిగి కుట్టారు. చేతిమీద నమ్మకం మాత్రం తిరిగి రాలేదు. ఈ షెడ్డులో చేరినప్పటి నుంచి చెక్కకు ఇసుక కాగితం రుద్దడమే అతని పని.

"ఇంకొకరితో చేయిస్తా పెద్దాయనా," అన్నాడు యజమాని రాజగోపాల్.

"రవంత ఇట్లా రాప్పా," అని ముసలాయన అతన్ని బయటికి తీసుకుపోయాడు.

తిరిగొచ్చిన రాజగోపాల్ బాషా చేతిలో ఉలి పెట్టాడు.

"పిల్లప్ప ఆయన పేరు. కూతురు టీచరంట. పుస్తకాలకు చిన్న టేకు బీరువా. నువ్వే చెయ్."

పలకల అంచులను పళ్లలా కోసి, ఒకదాని సందుల్లో ఇంకొకటి దిగేలా చెక్కాలి. వెంట్రుకవాసి ఎక్కువైతే దిగదు, తక్కువైతే నిలవదు.

మొదటి పలక చీలింది. తర్వాతది వదులైంది.

పిల్లప్ప రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. చూపంతా బాషా వేళ్లమీదే.

"బీరువా చూడనీకి వస్తావా, నా వేళ్లు చూడనీకి వస్తావా?" ఒకరోజు కసిరాడు బాషా.

"రెండూనప్పా," నవ్వాడు పిల్లప్ప.

ఆ కోపంలోనే ఇంకో పలక అందుకున్నాడు బాషా. ఎప్పుడు వేళ్ల సంగతి మరిచిపోయాడో అతనికే తెలియదు. కొయ్య సుత్తితో తట్టగానే పలకలోకి పలక దిగి కూర్చుంది. గోరు దూర్చడానికి కూడా సందు లేదు.

బీరువా లగేజీ ఆటో ఎక్కినరోజు పిల్లప్ప బాషా చేయి పట్టుకుని, కుట్టిన వేళ్లను ఒక్కొక్కటే తడిమాడు. బాషా విసుగ్గా చేయి లాక్కున్నాడు.

"పోయొస్తానప్పా. ఇంక మడకశిరలో కూతురి కాడే ఉంటా."

ఆటో మలుపు తిరిగింది.

"ఏం మనిషన్నా ఈయన!" బాషా ఉలి తుడుచుకున్నాడు. "సరే గానీ, ఇంకమీద అతుకుల పని నాకే ఇయ్యి."

రాజగోపాల్ ఇంకా రోడ్డువైపే చూస్తున్నాడు.

"బాషా, ముందే తెలిస్తే నువ్వు మొగమాటంతో చేస్తావని, చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడాయన. నిన్ను వెతుక్కుంటా ఎన్ని షెడ్లు తిరిగినాడో! ఆ పొద్దు నువ్వు తెలివి తప్పి పడుంటే, రంపపు పొట్టులోనుంచి నీ వేళ్లు ఏరి గుడ్డలో చుట్టి, తను అమ్ముకునే ఐస్‌క్రీం డబ్బాలో పెట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తింది ఆయనే."