ప్రెసిడెంటు గారి రెండు పేజీలు

“చదవగలవా, లేవా? ఆ ముక్క చెప్పు నాన్నా!”

ఉమామహేశ్వరరావు గారు బల్ల మీది రెండు కాగితాలనూ ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పట్టుకుని చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. కూతురు శశికళకి ఒళ్లు మండిపోయింది.

ముప్పై ఏళ్లు కలెక్టరాఫీసులో షార్ట్‌హ్యాండ్ రాసిన మనిషి కదా అని ఆయన్ని పిస్కాటవేలో ఇంటి నుంచి తన ఆఫీసుకి వెంటబెట్టుకొచ్చింది. నలభై ఏళ్ల కిందట యుద్ధం నడిపిన ఓ ప్రెసిడెంటు ప్రసంగాలన్నీ ఆ ఆఫీసువాళ్లు పుస్తకంగా వేస్తున్నారు. అన్నీ దొరికాయి, యుద్ధంలో పోయిన సైనికుల తల్లులకు పతకాలిచ్చిన రోజు మాట్లాడింది తప్ప. దానికి మిగిలినవి ఆనాటి స్టెనో గీసిన ఈ గీతలే. వాటిని చదివేవాళ్లు ఆఫీసులో ఒక్కరూ లేరు. నాలుగింటికి పుస్తకం ప్రెస్సుకి పోవాలి. ఆ రెండు పేజీలూ రాకపోతే ఇక నువ్వు రానక్కర్లేదని బాసు మిసెస్ కోవాల్‌స్కీ శశికళకి పొద్దున్నే తేల్చి చెప్పేసింది.

“ఉద్యోగం నిజంగానే పోతుందా?” మెల్లగా అడిగారాయన.

“పోదూ మరి! మా నాన్న ఇట్టే చదివేస్తాడని కోతలు కోసింది నేనే కదా!”

ఆయన కిటికీలోంచి మంచు వంక కాసేపు చూశారు. “సరే, టైప్ చెయ్యి” అన్నారు.

ఇక చూడాలి! ఎక్కడా తడుముకోకుండా ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోయారు. “అమ్మా, ఈ పతకం మీ బిడ్డ ప్రాణానికి వెల కాదు. మీ కళ్లలోకి చూసే ధైర్యం లేక, చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వచ్చాం...”

అంతలోనే శశికళకి అనుమానం వచ్చింది. “రెండో పేజీ తిప్పలేదేం నాన్నా?”

“తిప్పానులే. నువ్వు చూసుకోలేదు. కానీ, కానీ!”

మిసెస్ కోవాల్‌స్కీ నిలబడే మొత్తం చదివింది. ముక్కు తుడుచుకుంది. “అద్భుతం! అయినా ఒక్కసారి చెక్ చేద్దాం” అంటూ ఫోన్ అందుకుంది. ఆ రోజు పతకం అందుకున్న తల్లుల్లో ఒకావిడ ఒహాయోలో ఇంకా ఉందట. ఎనభై మూడేళ్లు.

ఉమామహేశ్వరరావు గారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. “ఆ ఫోన్ వద్దని చెప్పు తల్లీ!”

“ఎందుకు?”

ఈయనకేమైందో శశికళకి బోధపడలేదు. అప్పటికే స్పీకరు ఫోన్‌లో మిసెస్ కోవాల్‌స్కీ ప్రసంగమంతా చదివి వినిపించేసింది. అవతల నుంచి సన్నగా ఏడుపు వినిపించింది.

“అవే మాటలు... అక్షరం పొల్లు పోలేదు. నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. నలభై ఏళ్లుగా రోజూ తలుచుకుంటున్నాను.”

పేజీలు ప్రెస్సుకి వెళ్లిపోయాయి. మిసెస్ కోవాల్‌స్కీ శశికళని కావలించుకుని, ఉద్యోగం పర్మనెంట్ అని అందరి ముందూ చెప్పింది. శశికళకి కాళ్లు నేల మీద ఆనడంలేదు. కానీ కార్‌లో పక్క సీట్లో తండ్రి బిక్కచచ్చిపోయి కూర్చున్నారు.

“పని అయింది కదా నాన్నా! అలా అయిపోయావేంటి?”

“వీళ్ల షార్ట్‌హ్యాండ్ పద్ధతే వేరమ్మా. అందులో నాకు ఒక్క గీతా అర్థం కాలేదు.”

శశికళ బ్రేక్ మీద కాలేసింది. “మరి నువ్వు చెప్పిందంతా?”

“అదేనమ్మా, ఆవిడ అవే మాటలు అనేసరికి నా బుర్ర తిరిగిపోతోంది! డెబ్బై ఒకటి యుద్ధం అయ్యాక, జవాన్ల తల్లుల సభలో చదవమని మా శ్రీకాకుళం కలెక్టరు గారికి నేను రాసిచ్చిన ప్రసంగం అది!”