వాడో, నేనో

ఫోన్ చూసి జ్యోత్స్న మళ్లీ నవ్వింది.

పప్పు అడుగంటుతున్న వాసన వరండాలో కూర్చున్న కోటేష్‌కు తెలిసింది గానీ, స్టవ్ పక్కనే నిలబడ్డ ఆమెకు తెలియలేదు. ఫోన్‌లో ఉర్దూ నేర్పే ఉస్తాద్ పాఠం వచ్చిందంటే ఇక ఇల్లు, మొగుడు ఏవీ కనపడవు. కోటేష్‌కు ఒళ్లు మండిపోయింది.

"ఏందే, ఏమంటుండు మీ సారు?" అన్నాడు లోపలికొస్తూ. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడిపీ నడిపీ అతనికి మామూలు మాట కూడా అరుపే.

"గట్ల ఒర్రకు. ఉర్దూల దగ్గరున్నోళ్లు 'యే', దూరమున్నోళ్లు 'వో' అట. ఆడైనా మగైనా అదే 'వో'. ఆతీ అంటే ఆడ, ఆతా అంటే మగ, ఆతే అంటే పెద్దోళ్లు. ఎంత మంచిగ చెప్పిన్రో!"

కొత్తగూడెంలో ఒక ప్రైవేటు దవాఖానా రిసెప్షన్‌లో జ్యోత్స్నకు ఈమధ్యే ఉద్యోగం వచ్చింది. వచ్చేవాళ్లలో సగం మంది ఉర్దూ మాట్లాడతారు. మొదట కోటేషే నేర్పుతానని కూర్చోబెట్టాడు. చిన్నప్పుడు గని క్వార్టర్లలో పక్కింటి పిల్లలతో ఆ భాషలోనే ఆడుకున్నాడు మరి. రెండో తప్పుకే గయ్యిమన్నాడు. "నీ దగ్గర ఒక్క ముక్క నేర్చుకుంటే ఒట్టు" అని ఆమె ఏడ్చుకుంటూ లేచిపోయింది.

తర్వాత ఈ ఉస్తాద్ నంబర్ తెచ్చిచ్చిందీ అతనే. మొహమాటస్తుడు, ఫోన్ ఎత్తడు, మెసేజ్‌లోనే పాఠం చెబుతాడు అన్నాడు. ఇప్పుడు తన చెంపలు తానే వాయించుకోవాలనిపిస్తోంది.

"విను, సరిగ్గున్నదా?" అంది. "ఉస్తాద్... వో ఆతే హైఁ. కోటేష్... వో ఆతా హై."

పెళ్లయ్యాక ఆమె నోట తన పేరు వినడం అదే మొదటిసారి. అదీ ఇట్లా!

"వాడికి 'వస్తారు', నాకు 'వస్తడా'?"

"మర్యాదిచ్చేటోళ్లకే మర్యాద. ఎన్ని తప్పులు చేసినా సారు ఒక్క మాటనరు. 'పర్వాలేదండీ, మళ్లీ చెప్పండి' అంటరు. ఒకసారి భోజనానికి పిలుద్దామా?"

ఆ మర్యాద మీద, ఆ నిదానం మీద కోటేష్‌కు పట్టలేనంత అసూయ పుట్టింది. ఆ మనిషికి దక్కే నవ్వులో పావు వంతు తనకు ఎన్నడైనా దక్కిందా? ఇట్లాగే వదిలేస్తే పెళ్లాం తనకు మిగలదు.

"భోజనం లేదు, ఏం లేదు. ఇయ్యాల్టితో పాఠాలు బంద్!"

"ఎందుకు బంద్?"

"వాడో నేనో తేల్చుకో!"

జ్యోత్స్న అతని వంక అలాగే చూసింది. స్టవ్ ఆపింది. ఫోన్ తీసి, పైకి చదువుతూ మరీ రాసింది.

"సార్, మా ఆయన మీ పాఠాలు వద్దంటున్నడు. మీ అసొంటి మనిషి నాకు మళ్ల దొరకడు. నేను మీ దగ్గరే నేర్చుకుంట."

కోటేష్ ముఖం పాలిపోయింది. "పంపకు, జ్యోత్స్నా" అన్నాడు, ఎన్నడూ లేనంత మెల్లగా.

ఆమె పంపేసింది.

కోటేష్ ప్యాంటు జేబులో, ఆమె ఎప్పుడూ చూడని రెండో ఫోన్ జుయ్‌మని అదిరింది.