సూదిమొన

“మొన ఏదమ్మా?” అన్నాడు సూపర్‌వైజర్.

కుట్టుపని అమ్మాయి అరచెయ్యి చాపింది. విరిగిన సూది ముక్కలు రెండే ఉన్నాయి. మొన లేదు. ఆ ఫ్యాక్టరీలో కుట్టేది పసిపిల్లల చొక్కాలు. సూది విరిగితే ముక్కలన్నీ జతపెట్టి చూపించాలి. ఒక్క ముక్క తగ్గినా, ఆ పూట కుట్టిన బట్టలు గేటు దాటకూడదు.

“ఎంత వెతికినా కనబడలేదు సార్. చొక్కాల్లో పడిందేమో.”

“పడలేదేమో! లారీ హారన్ కొడుతోంది, వినబడట్లా? పాత మొనలు డబ్బాలో బోలెడున్నాయి. ఒకటి తెచ్చి జతపెట్టు. నీకూ హాయి, నాకూ హాయి.”

“అది నా సూదిది కాదు కదా సార్.”

“సూదుల్లో నీదీ నాదీ ఏంటి తల్లీ! లారీ ఆగిందంటే రేపట్నించి నువ్వు రానక్కర్లేదు.”

పక్క మిషన్ పెద్దావిడ మోచేత్తో పొడిచింది. “ఊఁ అనవే పిచ్చిదానా. చంటిపిల్ల తల్లివి. నోటికాడ కూడు కాలదన్నుకుంటావా?”

ఆ అమ్మాయి లేచి వెళ్లి, లారీ కోసం కట్టేసిన చొక్కాల పెట్టె తాడు విప్పింది.

ఇక తప్పలేదు. అందరూ మిషన్లు ఆపి చొక్కాలు తడిమారు. కాలర్లు, మడతలు, జేబులు.

“పుణ్యం ఈవిడది, నడుంనొప్పి మనది” అన్నారెవరో. కొందరు నవ్వారు.

లారీ ఖాళీగా వెళ్లిపోయింది. మొన మాత్రం దొరకలేదు.

“లేనిదాని కోసం ఇంతమంది ఉసురు పోసుకున్నావు” అన్నాడు సూపర్‌వైజర్. “ఇంక నీ దారి నువ్వు చూసుకో. ఈ చొక్కాలన్నీ చెత్తలోకే.”

ఇంటి దారి పొడవునా ఆమెకు అదే మాట చెవిలో మోగింది. నిజంగానే లేనిదాని కోసమా? వాళ్లందరి కష్టాన్నీ బూడిదలో పోశానా?

“ఇంత పెందలాడే వచ్చావేం?” అంది అత్త, గుమ్మంలోనే.

ఆమె గబగబా లోపలికి నడిచింది. ఉయ్యాలలో ఏడుస్తున్న పాపను తీసి భుజాన వేసుకుంది. పాప కెవ్వుమంది.

“అయ్యో, ఏమైందే దానికి?”

పాప చెంప మీద ఎర్రగా ఓ రక్తపు చుక్క కనబడగానే, ఆ అమ్మాయి తన భుజం మీది బట్ట మడత తడిమి, గుచ్చుకుని ఉన్న మొనను బయటికి లాగి, “దొరికిందత్తా, దొరికింది! ఆ చొక్కాల్లో లేదు!” అంటూ పాపను గుండెకు హత్తుకుని భోరుమంది.