పదివేల నుంచి మొదలు

"తప్పు. ఇలా చేస్తే అంకెలు తిరగబడి వస్తాయి," అన్నాడు కళ్లద్దాల నీలకంఠం.

పైడితల్లి చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది. బ్లాక్‌బోర్డు మీద 14725 అని ఉంది. లారీ బరువు అది. కాటా దగ్గర వేలాడదీసే లైట్ల బోర్డు మీద కనబడాలంటే ఆ సంఖ్యని ఒక్కో అంకెగా విడదీసి, ఒక్కో గడికి పంపాలి. ఆటోనగర్‌లో కాటాలు చేసే ఆ ఫ్యాక్టరీకి కంప్యూటర్ చిప్ వచ్చి నెల కూడా కాలేదు.

"పదితో భాగిస్తే శేషం ముందు అయిదే వస్తుంది సార్. అన్నీ దాచుకుని చివర్నించి పంపితే సరి."

"ఈ చిప్‌కి భాగహారం రాదమ్మా. కూడిక, తీసివేత, అంతే," అన్నాడు పక్కనున్న త్రినాథరావు. అతని గడ్డం మాసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పోనీ, పదేసి చొప్పున తీసేసుకుంటూ పోతే?"

"పద్నాలుగు వందల డెబ్బై రెండు సార్లు తియ్యాలి. ఈలోగా లైట్లు మిణుకు మిణుకుమంటాయి."

పైడితల్లి కిటికీలోంచి గేటు వైపు చూసింది. పద్మనాభం ఊరి నుంచి మొదటి బస్సుకి, ఇంటర్వ్యూకని తనతో వచ్చిన అయ్య గేటు బయట నిలబడి ఉన్నాడు. కళ్లంలో ధాన్యం కొలత ఆపి మరీ వచ్చాడు.

కొలత. అయ్య ముందు బస్తాలు నింపుతాడు. బస్తాకి చాలనిది కుంచంతో, కుంచానికి చాలనిది తవ్వతో. తవ్వతో ఎవరూ మొదలుపెట్టరు.

"నాను పెద్దదాన్నుంచి తీత్తాను సార్," అంది. కంగారులో ఇంటి మాట వచ్చేసింది. "పదివేలు ఒక్కసారి పోతాది. వెయ్యి నాలుగుసార్లు. వంద ఏడు. పది రెండు. మిగిలింది అయిదు. పద్నాలుగు తీసివేతలే. అంకెలూ వరసలోనే వత్తాయి."

నీలకంఠం వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"మధ్యలో సున్నా ఉంటే?" అన్నాడు నీలకంఠం మెల్లగా.

"ఒక్కసారి కూడా తియ్యలేకపోతే అదే సున్నా సార్."

త్రినాథరావు కుర్చీ లాక్కుని, చిప్‌కి ఆదేశాలిచ్చే మీటల ముందు కూర్చున్నాడు. ఆమె చెబుతోంటే అతను నొక్కుతున్నాడు. అరగంట పట్టింది. గోడకి ఆనించిన లైట్ల బోర్డు మీద ఎర్రగా వెలిగింది: 14725. మిణుకు లేదు. 20308 ఇచ్చారు. సున్నాలతో సహా నిలబడింది.

"అయిపోయింది బావా," అన్నాడు త్రినాథరావు. నీలకంఠం కళ్లద్దాలు తీసి చొక్కాతో చాలాసేపు తుడుచుకున్నాడు.

పైడితల్లి ధైర్యం చేసి అడిగింది. "సార్, మరి నా ఉద్యోగం?"

నీలకంఠం లేచాడు.

"మేడ మీదకి పదమ్మా. నానూ వత్తాను," అన్నాడు తనూ ఆమె యాసలోకి దిగి.

"మేడ మీద ఏటి సార్?"

"ఇంటర్వ్యూ. నువ్వు గది తప్పి వచ్చావు. పంపేద్దామనుకునేలోగా నువ్వే చాక్‌పీసు అందుకున్నావు. మేం మూడు రోజుల్నించీ ఈ లెక్క తేలక ఇంటికెళ్లని ఇంజినీర్లం."